అత్తగారి పళ్ళు, అరుదైన పిట్ట

పళ్ళ డాక్టరుకు వారంలో ఆరు రోజులు పళ్ళున్న ప్రాణులతోనే పని. ఏడో రోజును ఆయన పళ్ళు లేని ప్రాణులకు కేటాయించుకున్నాడు. పిట్ట ఎంత నోరు తెరిచినా అందులో ఆయన బాగుచెయ్యాల్సింది ఏమీ ఉండదు. అందుకే ఆదివారం తెల్లవారకముందే లేచి, మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని, నగరం మధ్య నదిలో ఉన్న దీవులకు వెళ్ళిపోవడం ఆయనకు ఏళ్ళుగా అలవాటు.

ఆ ఆదివారం ఉత్సాహం మరీ ఎక్కువగా ఉంది. రాత్రి నుంచి ఉత్తరపు గాలి వీస్తోంది. చలికాలానికి ముందు దక్షిణానికి వలసపోయే పిట్టలన్నీ ఆ గాలి కోసమే కాచుకుని ఉంటాయి. రాత్రంతా ఎగిరి, తెల్లవారేసరికి రెక్కలు పడిపోయి, కింద కనిపించిన మొదటి పచ్చని ముక్క మీద వాలిపోతాయి. ఆ నగరంలో పచ్చని ముక్కలంటే ఆ దీవులే. చుట్టూ అద్దాల మేడలు, నెత్తిన మెట్రో వంతెన, పక్కనే పాత పంపుహౌసు పొగగొట్టం. అయినా అలిసిపోయిన పిట్టకు అదే సత్రం.

"అమ్మ పళ్ళు తీసుకున్నారా?" అంది భార్య, దుప్పట్లోంచి తల మాత్రం బయటపెట్టి.

"కోటు జేబులో ఉన్నాయి."

"ముందు అక్కడ ఇచ్చేసి, ఆ తరవాత మీ పిట్టల దగ్గరికి వెళ్ళొచ్చుగా?"

"ఇంత పొద్దున్నే వెళ్ళి ఆవిణ్ణి నిద్ర లేపమంటావా?"

"అమ్మ ఈపాటికి లేచి, తయారై, ఉపన్యాసం రెండుసార్లు అప్పజెప్పుకుని కూడా ఉంటుంది. పళ్ళు లేకుండానే."

"చూడు, పడవ రేవు నుంచి మీ అమ్మగారిల్లు నాలుగంగల్లో ఉంది. పిట్టల్ని చూసుకుని, పడవ దిగి, అటునుంచటే వెళ్ళి పదకొండుకల్లా పళ్ళు పెట్టేస్తాను. ఒకే దెబ్బకు రెండు పిట్టలు."

"మీ దెబ్బ ఎప్పుడూ మొదటి పిట్టకే తగులుతుంది" అని ఆవిడ దుప్పటి మళ్ళీ ముసుగు పెట్టేసుకుంది.

ఇక్కడ అత్తగారి పళ్ళ సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆవిడ ఒక పెద్ద బడిని ఏళ్ళ తరబడి హెడ్‌మిస్ట్రెస్‌గా ఏలి రిటైరయ్యారు. ఆవిడ "నిశ్శబ్దం" అంటే పిల్లలే కాదు, సీలింగు ఫ్యాన్లు కూడా కొంచెం నెమ్మదించేవని చెప్పుకుంటారు. అలాంటి నోటిని ఆవిడ అల్లుడి చేతికి ఏనాడూ ఇవ్వలేదు. ఇంట్లో పళ్ళ డాక్టరును పెట్టుకుని, పై పళ్ళసెట్టు కోసం ఊరికి ఆ చివరనున్న ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు. "అల్లుడుగారి మీద నమ్మకం లేక కాదమ్మా, నా నోటి మీద నాకున్న మమకారం కొద్దీ" అని కూతురితో అనేవారు. ఆ మాట పళ్ళ డాక్టరుకు పంటి కింద రాయిలా అలాగే ఉండిపోయింది.

సరిగ్గా వారం క్రితం ఆ సెట్టు చెయ్యి జారి సింకులో పడి రెండు ముక్కలయింది. ఆ డాక్టరేమో ఊళ్ళో లేడు. ఈ ఆదివారం సాయంత్రమే ఆవిడ పాత బడిలో కొత్త లైబ్రరీ ప్రారంభం, ఆవిడే ముఖ్య అతిథి. గత్యంతరం లేక అల్లుడి ముందు నోరు తెరిచారు. ఒక్కటే షరతు పెట్టారు: చిన్నప్పటినుంచీ తన ముందు పళ్ళ మధ్య ఉన్న సందు అలాగే ఉండాలి. "ఆ సందు లేకపోతే నా పిల్లలు నన్ను గుర్తుపట్టరు" అన్నారు. పళ్ళ డాక్టరు తన విద్యనంతా ఆ సందులో కూర్చి పెట్టాడు. గులాబి రంగు చిగుళ్ళు, తెల్లటి పలువరుస, నడుమ సన్నటి సందు. ఇది కుదిరిందా, ఇన్నేళ్ళ చిన్నతనం ఒక్కపూటలో తుడిచిపెట్టుకుపోతుంది. కుదరకపోతే ఆ కుటుంబంలో ఇక ఆయన నోరెత్తనక్కర్లేదు.

పడవలో ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. బైనాక్యులర్స్ ఎత్తినప్పుడల్లా జేబులోని పళ్ళ డబ్బా డొక్కలో పొడుచుకుంటోంది. ఆయన దాన్ని తీసి, తినడానికి తెచ్చుకున్న బన్నున్న కాగితం సంచీలో భద్రంగా పెట్టుకున్నాడు. భద్రత విషయంలో ఆయన తనను తాను ఏనాడూ శంకించుకున్న మనిషి కాదు.

దీవిలో పిట్టల క్లబ్బు వాళ్ళు అప్పటికే తలో దిక్కుకూ చెదిరిపోయారు. ఈ క్లబ్బుకొక కఠినమైన నియమం ఉంది. అరుదైన పిట్ట కనిపిస్తే యాభై గజాల లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. వెళ్ళినవాళ్ళు ఆ పిట్టను చూసినట్టు లెక్కలోకి రారు, పైగా ఆ పూటంతా రేవు దగ్గర బెంచీ మీద కూర్చోవాలి. ఈ నియమాన్ని పట్టుబట్టి పెట్టించింది పళ్ళ డాక్టరే. దానికి మొదట బలైంది క్లబ్బు కార్యదర్శి అయిన బ్యాంకు మేనేజరు. కిందటేడు ఫొటో కోసం నాలుగడుగులు ముందుకు వేసినందుకు ఆయన్ను ఎండలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ బెంచీ వేడి మేనేజరుకు ఇంకా చల్లారలేదు.

పళ్ళ డాక్టరు ఒంటరిగా రెల్లుగడ్డి మడుగు దగ్గరికి వెళ్ళాడు. బెంచీ మీద సంచీ పెట్టి, బైనాక్యులర్స్ ఎత్తాడు. బురద అంచున ఉల్లంకి పిట్టలు కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నాయి. వంతెన స్తంభం మీద లకుముకి ఒకటి ధ్యానంలో ఉంది. ఆయన మనసు నిండిపోయింది. దక్షిణానికి పోయే దూరపు పిట్టల్ని అంత శ్రద్ధగా చూస్తున్న మనిషికి వెనక బెంచీ మీద వాలిన ఊరి కాకి కనబడలేదు.

కాగితం చప్పుడుకు తిరిగి చూసేసరికి సంచీ గాల్లో ఉంది.

"ఓసి నీ!" అన్నాడు పళ్ళ డాక్టరు. కాకి మడుగు మధ్యనున్న ఎండుమొద్దు మీద వాలి సంచీని చీల్చింది. బన్ను తినేసింది. డబ్బాను ముక్కుతో రెండు పొడుపులు పొడిచేసరికి మూత ఊడి పళ్ళసెట్టు పక్కనున్న పొదలో పడింది. కాకి తల వంచి దాన్ని అటునుంచీ ఇటునుంచీ చూసింది, ఒకసారి రుచి కూడా చూసింది. నచ్చినట్టు లేదు, వెళ్ళిపోయింది.

పళ్ళ డాక్టరు బైనాక్యులర్స్ సరిచేసుకున్నాడు. దేవుడి దయవల్ల సెట్టు నీళ్ళల్లో పడలేదు. బురదకు జానెడు పైన, రెండు కొమ్మల పంగలో ఇరుక్కుని, ఎండకు తళతళా మెరుస్తోంది. "ఇదెంత పని! ప్యాంటు పైకి మడుచుకుని నాలుగడుగులు వేస్తే సరి" అనుకుని బూట్ల లేసులు విప్పబోయాడు.

"ఏముంది సార్ అక్కడ?" అని వెనకనుంచి గుసగుసగా వినబడింది.

వచ్చింది పుస్తకాలాయన. ఎప్పుడూ చంకలో పిట్టల పుస్తకం పెట్టుకుని తిరుగుతాడు గనక క్లబ్బులో ఆయనకా పేరు. పళ్ళ డాక్టరు దగ్గర వచ్చే వారం నోరంతా కొత్త పళ్ళు కట్టించుకోబోతున్నాడు కూడా. అలాంటి మనిషితో, నేను కట్టిన పళ్ళను కాకి ఎత్తుకుపోయిందని ఏ పళ్ళ డాక్టరు చెప్పగలడు?

"ఏం లేదు" అన్నాడు పళ్ళ డాక్టరు.

పిట్టల్ని చూసేవాళ్ళ లోకంలో ఆ రెండు మాటలకు అర్థం ఒక్కటే. చాలా ఉందని. పుస్తకాలాయన కళ్ళు పెద్దవయ్యాయి. చప్పుడు కాకుండా భుజం మీది టెలిస్కోపు దించి, డాక్టరు చూపు ఎటుందో అటే తిప్పాడు.

"గులాబి రంగు!" అన్నాడు ఊపిరి బిగబట్టి. "కింద తెల్ల చారలు! మధ్యలో సన్నగా నల్ల గీత! అంతేనా సార్?"

తాను చేసిన వస్తువును అంత చక్కగా వర్ణిస్తుంటే కాదనడానికి పళ్ళ డాక్టరుకు నోరు రాలేదు. "అంతే" అన్నాడు.

"కదలడం లేదు."

"కదలదు" అన్నాడు డాక్టరు దిగులుగా.

పుస్తకాలాయన గబగబా పుట తిప్పి, వేలు పెట్టి చూపించాడు. గులాబి గొంతు, తెల్ల చారలు, నడుమ నల్ల గీత, రెల్లు పొదల్లో కదలకుండా దాక్కునే స్వభావం. "గులాబిగొంతు పిట్ట! ఈ నగరంలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు సార్. మీరు మామూలు మనిషి కాదు!"

"తొందరపడకండి, నేను ఒకసారి దగ్గరికెళ్ళి..." అంటుండగానే పుస్తకాలాయన బొటనవేలు ఫోన్లో పని ముగించింది. క్లబ్బు గ్రూపులో కబురు వెళ్ళిపోయింది. దీవి నలుమూలలా ఫోన్లు కూశాయి.

మొదట పరిగెత్తుకొచ్చింది మేనేజరు. పిట్టను చూసేకంటే ముందు పళ్ళ డాక్టరు కాళ్ళను చూశాడు. ఒక బూటు లేసు ఊడి ఉంది.

"ఎక్కడికో బయల్దేరినట్టున్నారు డాక్టరుగారూ?"

"ఎక్కడికీ లేదు."

"ఎందుకైనా మంచిది" అని మేనేజరు సంచీలోంచి పసుపు టేపు తీసి, కంటి కొలతతో యాభై గజాలు తేల్చి, బెంచీకీ కంచె గుంజకూ అడ్డంగా కట్టేశాడు. "ఇటు దాటినవాళ్ళెవరైనా సరే రేవు బెంచీకే. ఇది డాక్టరుగారు పెట్టిన నియమం, మనందరికీ శిరోధార్యం" అని నవ్వాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారన్న సామెత పళ్ళ డాక్టరు చిన్నప్పుడే విన్నాడు. అందులో గోతికి పసుపు టేపు కూడా కడతారని మాత్రం వినలేదు.

జనం చేరుతున్న కొద్దీ పళ్ళసెట్టుకు ప్రాణం వస్తూ పోయింది. కనిపించలేదంటే కళ్ళు లేనివాడంటారేమోనని ప్రతివాళ్ళూ చూశామన్నారు. చూసినవాళ్ళు ఊరికే చూశామంటే ఏం బాగుంటుందని తలా ఒక ముక్క కలిపారు. ఒకావిడకు తోక ఆడించినట్టు కనబడింది. ఇంకొకాయనకు అది సూటిగా తనవైపే చూసిందట. మూడో ఆయన దాని పాట కూడా విని, సన్నగా ఈలవేసి వినిపించాడు. వింటున్న పళ్ళ డాక్టరుకు తన పనితనం మీద గర్వపడాలో, తన తలరాత మీద ఏడవాలో తెలియలేదు. మేనేజరు టెలిస్కోపుకు ఫోను ఆనించి ఒక ఫొటో లాగి గ్రూపులో పెట్టాడు. మసగ్గా ఉన్నా, గులాబీ తెలుపూ బాగానే పడ్డాయి.

అయినా పళ్ళ డాక్టరు ఇంకా ధైర్యంగానే ఉన్నాడు. పిప్పి పన్ను పీకేవాడికి ఓపికా, ఉపాయమూ రెండూ ఉంటాయి. "నాకెందుకో ఇది మామూలు పిట్టేమోనని అనుమానంగా ఉంది. అనవసరంగా హడావిడి పడుతున్నాం" అన్నాడు గట్టిగా.

ఎవరూ కదల్లేదు. "చూశారా, మనల్ని పంపించేసి తానొక్కడే చూసుకోవాలని!" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఇలా కాదని ఇంకో ఎత్తు వేశాడు. "అదిగో, పంపుహౌసు వెనక! దీనికన్నా అరుదైనది! నల్లటి తల, ఎర్రటి తోక!" అని అరిచాడు. సగంమంది పడుతూ లేస్తూ పరిగెత్తారు. మిగతా సగం కూడా వెళ్తే చాలనుకుని ఆయన టేపు దగ్గరికి జరిగాడు. మేనేజరు మాత్రం చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు. "మీరు వెళ్ళలేదేం డాక్టరుగారూ? అంత అరుదైనదన్నారు?" అని అడిగాడు. పరిగెత్తినవాళ్ళు కాసేపట్లోనే మొహాలు వెలిగిపోతూ తిరిగొచ్చారు.

"చూశాం డాక్టరుగారూ! ఎంత బాగుందో! తోక మీరు చెప్పినంత ఎరుపు కాదు గానీ..."

పళ్ళ డాక్టరు బెంచీ మీద కూలబడ్డాడు.

ఆ సమయానికి ఫోను మోగింది. భార్య. "ఎక్కడున్నారండీ? పదకొండు దాటింది. నేను అమ్మింటికి వచ్చేశాను, అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చుంది."

"ఇక్కడే, దీవిలో. కొంచెం ఆలస్యమైంది."

"పళ్ళు జాగ్రత్తగానే ఉన్నాయిగా?"

"నా కళ్ళ ముందే ఉన్నాయి. రెప్ప వెయ్యకుండా చూసుకుంటున్నాను" అన్నాడు పళ్ళ డాక్టరు. ఆ రోజు మొత్తంలో ఆయన చెప్పిన మొదటి నిజం అదే.

"అంత చూడక్కర్లేదు, తీసుకురండి చాలు."

ఫోను పెట్టేసి పళ్ళ డాక్టరు మడుగు వైపు చూశాడు. సముద్రపు పోటు నదిలోకి ఎక్కడం మొదలైంది. బురద కనబడిన చోటల్లా ఇప్పుడు నీళ్ళు పాకుతున్నాయి. పొదకింద జానెడున్న ఎడం బెత్తెడైంది. ఇంకాసేపు ఆగితే పళ్ళసెట్టు నీళ్ళల్లో కలిసి సముద్రం దారి పడుతుంది. కక్కలేక మింగలేక ఆయన అటూ ఇటూ తిరిగాడు. నిజం చెప్పేస్తే? నోరు తెరిచాడు కూడా. ఎదురుగా పుస్తకాలాయన, పిట్టను చూసిన ఆనందంలో కళ్ళు తుడుచుకుంటూ, "జన్మ ధన్యమైంది సార్" అన్నాడు. తెరిచిన నోరు మళ్ళీ మూసుకుంది.

అవతల రేవులో జనం పెరిగిపోయి, పడవవాళ్ళు రెండో పడవ కూడా వేశారు. ఎవరెవరు దిగుతున్నారోనని పళ్ళ డాక్టరు బైనాక్యులర్స్ ఎత్తి చూశాడు. పడవ ముందు భాగంలో, నోటికి అడ్డంగా చేతిరుమాలు పట్టుకుని, రెండో చేత్తో గొడుగును కర్రలా నిలబెట్టి, తిన్నగా ఒక ఆకారం కూర్చుని ఉంది. పక్కన భార్య. ఇంతకాలం దూరపు ప్రాణుల్ని దగ్గరగా చూపించినందుకు ఆ బైనాక్యులర్స్‌ను మెచ్చుకున్న మనిషి, మొదటిసారి దాన్ని తిట్టుకున్నాడు.

జరిగింది ఇది. భార్య కూడా క్లబ్బు గ్రూపులో ఉంది. ఆవిడ మేనేజరు పెట్టిన ఫొటో తెరిచి, "ఈ పిట్ట కోసమేనమ్మా ఆయన కదలడం లేదు" అని తల్లికి చూపించింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఫొటోను దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా చూశారు. తన ముందు పళ్ళ సందు తనకు తెలియదా? ఒక్క మాట కూడా మాట్లాడకుండా గొడుగు అందుకున్నారు.

ఆవిడ వస్తుంటే గుంపు దానంతటదే దారి ఇచ్చింది. మేనేజరు తల తిప్పి చూసి, టోపీ తీసేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "టీచరుగారూ! మీరా!"

అత్తగారు ఆయన్ను పైనుంచి కిందికి చూశారు. "ఆఖరి బెంచీ కదూ నువ్వు?" అన్నారు రుమాలు వెనకనుంచి. పళ్ళు లేక అక్షరాలు అటూ ఇటూ జారాయి గానీ అధికారం ఎక్కడా జారలేదు.

"అవునండీ" అన్నాడు నగరంలోని పెద్ద బ్యాంకుకు మేనేజరైన మనిషి.

"తప్పుకో."

ఆవిడ టెలిస్కోపు మీదికి వంగారు. చాలాసేపు చూశారు. ఒడ్డంతా ఊపిరి బిగబట్టింది. పళ్ళ డాక్టరుకు ఆ క్షణంలో తన పెళ్ళి, తన ప్రాక్టీసు, తన పరువు, మూడూ వరసగా ఆ నీళ్ళల్లో తేలిపోతూ కనిపించాయి.

"కనబడిందాండీ టీచరుగారూ?" అని మేనేజరు వినయంగా అడిగాడు.

అత్తగారు నిటారుగా నిలబడ్డారు. అల్లుడి వైపు చూశారు. లేసు ఊడిన బూటు, చెమట పట్టిన నుదురు, ఏడుపొక్కటే తక్కువైన మొహం. ఆవిడ ఎందరో పిల్లల మొహాల్లో ఆ మొహం చూశారు. పక్కవాడి కిటికీ పగలగొట్టి, పారిపోక అక్కడే నిలబడ్డ పిల్లాడి మొహం అది.

"కనబడింది" అన్నారు. "చాలా అందంగా ఉంది."

చప్పట్లు మోగాయి. పళ్ళ డాక్టరుకు తన చెవుల మీద నమ్మకం పోయింది.

"నిశ్శబ్దం!" అన్నారు అత్తగారు. చప్పట్లు ఆగిపోయాయి. "ఇంతమంది పొద్దున్నుంచీ గుడ్లప్పగించి చూస్తుంటే ఏ ప్రాణికైనా సిగ్గుగా ఉండదూ? అన్నం కూడా తిననివ్వరా దాన్ని? అందరూ వెనక్కి తిరగండి. కళ్ళు మూసుకోండి. నేను చెప్పేదాకా ఎవరూ తెరవకూడదు."

"కానీ టీచరుగారూ..." అన్నాడు మేనేజరు.

"ఆఖరి బెంచీ!"

మేనేజరే అందరికన్నా ముందు తిరిగాడు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, పడవ నడిపే అతను, అంతా వరసగా నదికి వీపులు పెట్టి కళ్ళు మూసుకున్నారు. అత్తగారు గొడుగు కొసతో అల్లుడికి మడుగును చూపించారు. వెళ్ళమన్నట్టు గడ్డం ఎగరేశారు.

పళ్ళ డాక్టరు టేపు కింద దూరి నీళ్ళల్లో దిగాడు. మోకాలి లోతు బురద, పిక్కలు పట్టేసే చల్లదనం. ఒక బూటును మడుగే ఉంచేసుకుంది. పట్టించుకోలేదు. పొదను చేరుకునేసరికి నీళ్ళు పంగను తాకుతున్నాయి. చెయ్యి చాచి పళ్ళసెట్టు అందుకున్నాడు. పెచ్చు ఊడలేదు, చీలిక లేదు, సందు సందులాగే ఉంది. "హమ్మయ్య" అనుకుని తల ఎత్తబోయి అలాగే ఆగిపోయాడు.

పళ్ళున్న చోటుకు మూరెడు వెనక, రెల్లు నీడలో, గుప్పెడంత పిట్ట ఒకటి కూర్చుని ఆయనవైపే చూస్తోంది. గులాబి రంగు గొంతు. కింద తెల్ల చారలు. నడుమ సన్నటి నల్ల గీత. పుస్తకంలో ఉన్నట్టే, ఈక కూడా తేడా లేకుండా ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉందేమో, అంతమంది కళ్ళూ దాని పక్కనున్న పళ్ళ మీదే ఉండిపోయాయి.

పళ్ళ డాక్టరు ఊపిరి పీల్చడం మానేశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ ఒక్క పిట్టను చూడాలని ఎన్ని ఆదివారాలు ఎన్ని దీవులు తిరిగాడో ఆయనకే తెలియదు. అరవాలనుకున్నాడు, అరవలేడు. ఫోను తియ్యాలనుకున్నాడు, చేతినిండా అత్తగారి పళ్ళు. పిట్ట ఒకసారి తల వంచి ఆ పళ్ళను చూసింది, ఒకసారి ఆయన్ను చూసింది, చటుక్కున లేచి, వంతెన కిందుగా, అద్దాల మేడల మధ్యగా దక్షిణానికి ఎగిరిపోయింది.

ఆయన ఒడ్డెక్కి, పళ్ళసెట్టును జేబులో పెట్టుకునేదాకా ఆగి, "ఇక తిరగండి" అన్నారు అత్తగారు.

అంతా తిరిగారు. టెలిస్కోపులు పొదను వెతికాయి.

"లేదే! ఎగిరిపోయింది!"

మేనేజరు చూపు మెల్లగా పళ్ళ డాక్టరు కాళ్ళ మీదికి దిగింది. మోకాళ్ళదాకా బురద. ఒక కాలికి బూటు లేదు. "డాక్టరుగారూ, ఏమిటిది? మేము కళ్ళు మూసుకున్నప్పుడు మీరు లోపలికి వెళ్ళారా?"

పళ్ళ డాక్టరుకు ఇంకా పిట్ట మైకం వదల్లేదు. "చూశాను! నిజంగా చూశాను! మూరెడు దూరంలో! ఆ గొంతు రంగు, ఆ నల్ల గీత..." అని చిన్నపిల్లాడిలా చెప్పుకుపోయాడు.

"మూరెడు దూరంలో" అన్నాడు మేనేజరు, ఏడాదిగా నోరూరిస్తున్న లడ్డూ ఇప్పుడు చేతికందినట్టు. "అంటే యాభై గజాల లోపలే కదండీ?"

పళ్ళ డాక్టరు ఆగిపోయాడు. ఇప్పుడు చెప్పగలిగింది ఒక్కటే. మీరంతా చూసింది పిట్టను కాదు, మా అత్తగారి పళ్ళను అని. ఆయన అత్తగారి వైపు చూశాడు. ఆవిడ రుమాలు వెనక మొహంలో ఏ భావమూ లేదు. గుంపువైపు చూశాడు. ఒక్కొక్క మొహమూ పండగ్గా ఉంది.

"అవును" అన్నాడు. "తప్పు నాదే."

రేవు బెంచీ మీద, ఒంటి బూటుతో, తరవాతి పడవ వచ్చేదాకా ఆయన కూర్చున్నాడు. మేనేజరు రెండుసార్లు పనిగట్టుకుని అటుగా నడిచి చూసుకున్నాడు. భార్య నవ్వు ఆపుకోలేక నదివైపు తిరిగి నిలబడింది. పడవెక్కాక అత్తగారు వచ్చి అల్లుడి పక్కన కూర్చున్నారు.

"నిజంగా చూశారా అల్లుడుగారూ?"

"చూశాను అత్తయ్యగారూ. ఇక ఎవరు నమ్ముతారు లెండి."

"నేను నమ్ముతున్నాను" అన్నారు ఆవిడ. "మీకు అబద్ధమాడటం రాదు. పొద్దున్నుంచీ ఆడారుగా, చూశాం."

ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారు తన మాట నమ్మానన్నది అదే మొదటిసారి. పళ్ళ డాక్టరు జేబులోని పళ్ళసెట్టును గట్టిగా పట్టుకున్నాడు.

ఇంటికి వెళ్ళాక ఆయన దాన్ని మందునీళ్ళల్లో ఒకటికి మూడుసార్లు కడిగి, అత్తగారి నోట్లో పెట్టాడు. సెట్టు చిన్న చప్పుడుతో తన చోట తాను కూర్చుంది. ఆవిడ అద్దం ముందు నిలబడి పెదవులు అటూ ఇటూ కదిపి, సందును చూసుకుని, "నిశ్శబ్దం!" అన్నారు. కిటికీ గట్టు మీద కువకువలాడుతున్న పావురాలు నోరు మూసుకున్నాయి.

"కుదిరింది" అన్నారు అత్తగారు. ఆ ఒక్క మాటకు పళ్ళ డాక్టరు రెండో బూటు కూడా మడుగుకిచ్చేసి ఉండేవాడు.

సాయంత్రం లైబ్రరీలో ఆవిడ ఉపన్యాసం అద్భుతంగా సాగింది. విషయం, ఎల్లవేళలా నిజమే పలకవలసిన అవసరం. పళ్ళ డాక్టరు మొదటి వరసలో కూర్చుని, ఒక్కొక్క అక్షరమూ ఎంత స్పష్టంగా పలుకుతోందో వింటూ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ సభలో ఆవిణ్ణి చూసిన పుస్తకాలాయన వారం తిరక్కుండానే వచ్చి, "నాక్కూడా ముందు పళ్ళ మధ్య అలాంటి సందే పెట్టండి సార్" అని అడిగి కొత్త పళ్ళు కట్టించుకున్నాడు.

మరుసటి ఆదివారం క్లబ్బు సమావేశంలో, గులాబిగొంతు పిట్టను చూసిన అదృష్టవంతుల పేర్లు మేనేజరు గంభీరంగా చదివి వినిపించాడు. మొదటి పేరు అత్తగారిది. ఆ తరవాత మేనేజరుది, పుస్తకాలాయనది, తోకను చూసినావిడది, పాట విన్నాయనది, పడవ నడిపే అతనిది. ఆ పిట్టను నిజంగా చూసిన ఒకే ఒక్క మనిషి పేరు మాత్రం, తాను పెట్టిన నియమం ప్రకారం, అందులో లేదు.